మూసిన వీధిలో కూతపెట్టె

కోసిగి పడమటి వీధి సుంకమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. వాకిట్లో నిలబడి ఆమె గిడ్డమ్మా అని పిలిస్తే ఎదురింటి గిడ్డమ్మే కాదు, ఆదోనిలో ఉన్న గిడ్డమ్మలంతా ఓయ్ అంటారని పేరు. స్టేషన్లో ఆగకుండా పోయే బొంబాయి రైలు ఒకసారి ఆమె కేకకి వేగం తగ్గించిందని ఒక పెద్దమనిషి ఒట్టు పెట్టి చెప్పాడు. ఆయన అప్పుడు తాగి ఉన్నాడు గానీ, అబద్ధం ఆడే మనిషి మాత్రం కాదు. అంత గొంతు ఇచ్చిన దేవుడు, దాన్ని వినడానికి ఏడాదిలో మూడు నెలలపాటు ఆ వీధిలో ఒక్క చెవిని కూడా మిగల్చలేదు.

ఎందుకంటే ఆ మూడు నెలలు వీధి సుగ్గికి పోతుంది. వానని నమ్ముకుని సేద్యం చేసేవాళ్ళు, పత్తి తీయడం అయిపోగానే ఇళ్ళకు తాళాలు వేసి, గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి లారీలెక్కుతారు. దాన్నే సుగ్గి అంటారు. పోయేది ఒకరిద్దరు కాదు. జొన్నపిండి మూటలు, వంటసామాను, చంటిపిల్లలు, చంటిపిల్లల్ని ఆడించడానికి ముసలివాళ్ళు, ముసలివాళ్ళకి తోడుగా కోళ్ళు, అన్నీ ఒకే లారీలో. అది కదిలితే ఒక ఊరు లేచి రోడ్డున పడి పోతున్నట్టు ఉంటుంది. ఉగాదికి గానీ తిరిగి రారు. వెనక మిగిలేది తాళాలు, కుక్కలు, సుంకమ్మ. కొన్నాళ్ళకి ఎంగిలి మెతుకు దొరక్క కుక్కలు కూడా బస్టాండు వైపు మకాం మారుస్తాయి.

సుంకమ్మ కూడా ఒకప్పుడు ఆ లారీ ఎక్కిన మనిషే. పెళ్ళయిన కొత్తలో మొగుడితో కలిసి పోయింది. ఆమె కాయ కోస్తుంటే చేతులు కనిపించేవి కావని, చెట్టు తనంతట తానే కాయలు రాలుస్తోందేమోనని అక్కడి రైతులు వంగి చూసేవారని చెబుతారు. ఒక ఏడు తిరిగి వస్తుండగా మూటల మీద కూర్చున్నది కూర్చున్నట్టే కిందికి జారిపడింది. తుంటి విరిగింది. కట్టు కట్టారు గానీ ఎముక అతుక్కునేసరికి ఒక కాలు పొట్టిదైంది. ఇక వంగి మిరపకాయ కోయడం కుదరలేదు. మరుసటేడు మొగుడు ఒక్కడే పోయాడు. ఉగాది వచ్చింది, లారీ వచ్చింది, అతను రాలేదు. నరసరావుపేట అవతల ఏదో పల్లెలో ఇంకొకామెతో కాపురం పెట్టాడని వార్త వచ్చింది. ఆ రెండో ఆమెకి బంగారు పళ్ళున్నాయని కొందరు, అసలు పళ్ళే లేవని కొందరు, వీధి ఆ ముచ్చటని ఏళ్ళ తరబడి నమిలింది. సుంకమ్మ మాత్రం దాని మీద నోరు విప్పలేదు. ఆమె నోరు విప్పనిది ఆ ఒక్క విషయంలోనే.

కాపలా పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. ఒక సుగ్గికి లారీ ఎక్కబోతూ గిడ్డమ్మ అత్త, అక్కడ పారేసుకుంటే దొరకదు, నీ దగ్గర ఉంచమని కొంగున ఉన్న తాళంచెవి తీసి ఇచ్చింది. అది చూసి పక్కింటివాళ్ళు ఇచ్చారు. తర్వాత అదే ఆనవాయితీ అయింది. సుంకమ్మకి చదువు రాదు, తాళంచెవులన్నీ చూడడానికి ఒకటే మాదిరి ఉంటాయి. అందుకని ఎవరు తాళంచెవి ఇస్తే వాళ్ళ చీరలోనో తువ్వాలులోనో చిన్న పీలిక చింపి దానికి కట్టి ఇమ్మనేది. గోడకి మేకులు కొట్టి వరసగా తగిలించేది. ఆ గోడ చూస్తే వీధి వీధంతా ఆమె ఇంట్లోనే బట్టలు ఆరేసుకున్నట్టు ఉండేది.

పొద్దు వాలగానే పని మొదలు. కర్ర పట్టుకుని ఒక్కొక్క ఇంటి తాళం తీసి, వాకిలి ఊడ్చి, దేవుడి గూట్లో దీపం పెట్టి, ఆ ఇంటి మనిషితో మాట్లాడేది. గిడ్డమ్మ ఇంటి ముందు నిలబడి, రొట్టెకి పిండి తడిపినావా లేదా అని అడిగేది. తానే లోపలికి పోయి గిడ్డమ్మ గొంతుతో, ఇంకా లేదక్కా అని జవాబు చెప్పేది. ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాల పోట్లాట పెట్టేది, ఇంకో ఇంట్లో లేని పిల్లాణ్ణి బడికి పోలేదని తిట్టేది. రోడ్డున పోయే కొత్తవాడు వింటే వీధి నిండా జనం, జనం నిండా తగువులు అనుకోవాలి. మనుషులున్న వీధికి దొంగ రాడని ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు. వేరే వీధుల్లో గిన్నెలు పోయాయి, నీళ్ళ మోటార్లు పోయాయి, పడమటి వీధిలో చీపురుపుల్ల పోలేదు. దారిన పోయే ఒకాయన మాత్రం పాపం, ఆలుమగల తగువు తీరుద్దామని లోపలికొచ్చి, రెండు గొంతులూ ఒక్క నోట్లోంచి రావడం కళ్ళారా చూసి, ఇంటికి పోయి జ్వరంతో పడుకున్నాడు. తాయెత్తు కడితే గానీ లేవలేదు.

ఉగాదికి లారీ దిగిన ప్రతి మనిషీ తన గడప కంటే ముందు సుంకమ్మ గడప తొక్కాల్సిందే. తాళంచెవి ఆమె దగ్గర ఉంది కదా. మిరప ఘాటు వదలని బట్టలతో వచ్చి, కూర్చుని, ఆమె ఇచ్చిన నీళ్ళు తాగి, అక్కడి ముచ్చట్లన్నీ కుమ్మరించి పోయేవారు. ఆ ఒక్క పూట కోసం ఆమె మూడు నెలలు గోడలతో పోట్లాడేది.

అట్లాంటి వీధిలోకి కూతపెట్టె వచ్చింది.

తెచ్చింది బసవరాజ్. కూలీల్ని పోగుచేసి లారీలెక్కించి సుగ్గికి తీసుకుపోయే మేస్త్రీ అతనే. పాత మిద్దె పడగొట్టి కొత్త ఇల్లు కట్టాడు. దానికి వేయించిన పచ్చరంగు ఎట్లాంటిదంటే, ఎగిరిపోతున్న చిలకలు చుట్టాలిల్లు అనుకుని దిగేవి. అంత ఇల్లు కట్టాక దొంగల భయం పట్టుకోదా? ఆదోనిలో ఒక దుకాణంవాడు ఆ భయాన్ని మొహంలోనే చదివి సరుకు అంటగట్టాడు. తలుపు పైన వీధిని చూసే కెమెరా. హాలు మూలన, మనిషి కదిలితే పసిగట్టే కన్ను. కప్పుకి, పొగ వస్తే పసిగట్టే చిన్న గిన్నెలాంటిది. వీటన్నిటి తరఫునా అరవడానికి వీధి వైపు బయటి గోడ మీద ఒక సైరను. అది అరిచిందంటే బసవరాజ్ ఎక్కడున్నా అతని సెల్లు మోగుతుంది, సెల్లు తెరిస్తే అరుపుకి కాస్త ముందు నుంచీ కెమెరా పట్టిన బొమ్మ కనిపిస్తుంది. మొదటిసారి మోగించి చూపించిన రోజు వీధంతా చెవులు మూసుకుంది. ఎవరిదో సూడి మేక ఆ కూతకి నెల ముందే ఈనింది, పిల్ల పుట్టగానే మళ్ళీ లోపలికి పోదామని చూసింది.

సైరను ఆగాక అందరూ సుంకమ్మ వైపు తిరిగారు. నీకంటే ఇదే గట్టిగా అరుస్తోంది కదక్కా అని ఎవరో నవ్వారు.

"అరిస్తే అరవనీప్పా. అన్నం తింటివా అని అడుగుతాదా అది?" అంది సుంకమ్మ.

బసవరాజ్ కూడా నవ్వాడు. కానీ అతని భార్య శివకుమారికి ఆ పెట్టెతో మొదటి రోజు నుంచే పొసగలేదు. నూనెలో ఎండుమిరపకాయలు పడి తిరగమోత చిటపటమనగానే కప్పు మీది గిన్నె ఇల్లు తగలబడిపోతోందని గోల చేసేది. తిరగమోత లేని పూట కోసిగిలో ఏ ఇంట్లో ఉంటుంది? పప్పు చేసినా అరిచేది, ఉగ్గాణి చేసినా అరిచేది, సాంబ్రాణి వేస్తే దేవుడు కూడా ఉలిక్కిపడేట్టు అరిచేది. విసుగు పుట్టి ఒక రోజు ఆమె స్టూలెక్కి ఆ గిన్నెకి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసేసింది. సుగ్గికి పోయేటప్పుడు తీద్దాంలే అనుకుంది. మొగుడికి చెప్పలేదు. మూటలు కట్టే హడావుడిలో తీయనూ లేదు.

లారీ బయలుదేరే రోజు అందరూ తాళంచెవులు ఇచ్చారు, పీలికలు కట్టారు. బసవరాజ్ తలుపు మూసి, ఒక తాళంచెవి జేబులో వేసుకుని, రెండోది హనుమేష్ చేతిలో పెట్టాడు. హనుమేష్ అతని మేనమామ కొడుకు, బస్టాండులో ఆటో నడుపుతాడు, సుగ్గికి పోడు. సుంకమ్మ చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఆమెకు అవమానంగా ఉంటుందని బసవరాజ్‌కే తోచింది కాబోలు, మెత్తగా అన్నాడు.

"నీకెందుకక్కా ఇంక తిప్పలు? మా ఇంటిని ఈ సెల్లే చూసుకుంటాది."

గిడ్డమ్మ తన తాళంచెవి ఇస్తూ ఇంకో మాట కలిపింది. వచ్చే ఏటికి తామందరం కూడా మేస్త్రీకి చెప్పి తలా ఒక పెట్టె పెట్టించుకుంటామని, అప్పుడు అక్క కుంటుకుంటూ ఇల్లిల్లూ తిరిగే బాధ తప్పుతుందని. మంచికే అంది. సుంకమ్మ తల ఊపింది. లారీ దుమ్ము అణగేదాకా వాకిట్లోనే నిలబడింది. వచ్చే ఏటికి గోడ మీద మేకులన్నీ ఖాళీ అవుతాయి. ఉగాదికి లారీ దిగినవాళ్ళు నేరుగా తమ తమ గడపలకే పోతారు. ఆమె గడపతో ఎవరికీ పని ఉండదు. ఆ పెట్టె పనికిరానిదని ఈ మూడు నెలల్లోనే తేలాలి, లేకపోతే తాను పనికిరానిదని తేలిపోతుంది. ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి అందరితోనూ మాట్లాడింది గానీ పచ్చ ఇంటిని మాత్రం పలకరించలేదు.

పెట్టె ఆమెకి ఎక్కువ రోజులు ఎదురుచూసే పని పెట్టలేదు. లారీ ఎక్కేటప్పుడు కరెంటు లేదు, అందుకని శివకుమారి హాల్లో ఫ్యాను స్విచ్చి ఆపడం మరిచింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, మళ్ళీ వచ్చేటప్పుడు జోరుగా వచ్చి, ఆ ఫ్యాను గాలికి తలుపు తెర లేచి ఆడింది. కన్నుకి అది గజదొంగలా కనిపించినట్టుంది. సైరను ఎత్తుకుంది. గుంటూరు చేలో బసవరాజ్ సెల్లు మోగింది, అతను హనుమేష్‌కి చెప్పాడు, హనుమేష్ ఆటో తెచ్చాడు. ఆటో వెంట టీ తాగుతున్నవాళ్ళు, టీ పోస్తున్నవాడు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, అందరూ వచ్చారు. ఒక కండక్టరు బస్సునే తోలించుకుని వచ్చేవాడు గానీ వీధి ఇరుకని ఆగిపోయాడు. తలుపు తీసి చూస్తే తెర, ఫ్యాను.

హనుమేష్ చిరాగ్గా సైరను ఆపి, ఫ్యాను ఆపడం మరిచి, మళ్ళీ తాళం వేశాడు. సుంకమ్మ అందరికీ చెంబుతో నీళ్ళిచ్చింది. సుగ్గి రోజుల్లో ఆ వీధిలో అన్ని మొహాలు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఒళ్ళు తేలికైపోయింది. ఇంకాసేపు కూర్చోండప్పా అందామనుకుంది. వాళ్ళు మాత్రం నీళ్ళు తాగుతూ ఆ పెట్టె గురించే మాట్లాడుకున్నారు, అరుపు బస్టాండు దాకా వినిపించిందని మెచ్చుకున్నారు. ఆమె చెంబు వెనక్కి లాక్కుని లోపలికి పోయింది.

రెండోసారి బల్లి పోయి కన్ను మీద కూర్చుంది. మూడోసారి మళ్ళీ తెర. ఆ తర్వాత ఎందుకు అరుస్తోందో దానికే తెలియకుండా అరవసాగింది. ప్రతిసారీ సుంకమ్మ కర్ర టకటకలాడించుకుంటూ బస్టాండు వైపు వీధి మొగకి పోయి, ఎవరైనా వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి వెనక్కి పంపేది. దానికి పిచ్చి పట్టింది, మీ పనులు మీరు చూసుకోండి అనేది.

"నిజంగా ఏమన్నా అయితే నేను కేకెయ్యనా? నా గొంతు యాడికి పోయింది?" అనేది.

శివరాత్రి వచ్చేసరికి ఆమె గెలిచింది. సైరను మోగితే బస్టాండులో తల తిప్పే మనిషి లేడు. టీ అంగడిలో కూర్చున్నవాళ్ళు, మేస్త్రీ ఇల్లు మళ్ళీ ఏడుస్తోందని, మాట మధ్యలో ఆపకుండానే అనుకునేవారు. హనుమేష్ అయితే ఇంకోసారి దాని కోసం తనకి ఫోను చేయొద్దని, బావకే కాదు, సుంకమ్మకి కూడా చెప్పి పోయాడు.

శివరాత్రి పోయాక ఎండ ముదిరింది. ఒక మధ్యాహ్నం వీధి వెనక చేలో పత్తి తీశాక మిగిలిన మోళ్ళని ఎవరో కాల్చారు. ఆ నెలల్లో ఎక్కడ చూసినా ఎవరో ఒకరు ఏదో ఒకటి కాలుస్తూనే ఉంటారు. గాలి తిరిగింది. నిప్పురవ్వలు వచ్చి బసవరాజ్ పెరట్లో, వంటింటి గోడకి ఆనించి పేర్చిన పత్తికట్టె మీద పడ్డాయి. ఎండి గలగలలాడే కట్టె అది, రవ్వ పడగానే భగ్గుమంది. మంట వంటింటి కిటికీ చెక్కని నాకుతోంది. ఆ కిటికీ లోపల గ్యాసు సిలిండరు ఉంది. పచ్చ ఇంటిని ఆనుకుని గిడ్డమ్మ వాళ్ళ కొట్టం, దాని పక్కన గడ్డివామి, ఆ పక్కన ఇంకో కొట్టం. పట్టుకుంటే వీధి మొత్తం ఒకే పొయ్యి అవుతుంది.

గోడ మీద పెట్టె కిక్కురుమనలేదు. మంట పెరట్లో ఉంది, దాని కన్ను హాల్లో ఉంది, కెమెరా వీధి వైపు ఉంది. కిటికీ సందుల్లోంచి కాస్త పొగ లోపలికి పోయినా, పసిగట్టాల్సిన గిన్నె ప్లాస్టిక్ కవరు తొడుక్కుని కూర్చుంది.

సుంకమ్మ తన ఇంట్లో ఉన్న బిందెలు తెచ్చి పోసింది. ఆ మంటకి అవి దగ్గు కూడా తెప్పించలేదు. కుళాయి నీళ్ళు వచ్చే రోజు కాదు, తాళాలేసిన ఇళ్ళలో తొట్లన్నీ ఎండిపోయి ఉన్నాయి. పచ్చ ఇంటి మేడ మీద ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. దాని మెట్లు ఇంటి లోపలి నుంచి, ఇంటికి తాళం. ఫైరింజను రావాలంటే ఆదోని నుంచి రావాలి, అది వచ్చేసరికి కాలడానికి ఏమీ మిగలదు. ఇక ఆమెకి మిగిలింది గొంతు. వీధి మధ్యకి వచ్చి, ఊపిరి నిండా పీల్చి, మంట, రాండప్పో అని కేకేసింది. అట్లాంటి కేక ఆమె అంతకుముందు వేయలేదు, తర్వాతా వేయలేదు. ఆ కేకకి కోసిగి కొండ మీద రాళ్ళు కదిలాయంటారు.

ఎవరూ రాలేదు.

వినపడక కాదు. టీ అంగడిలో అందరికీ వినపడింది. సుంకమ్మ మళ్ళీ ఖాళీ ఇళ్ళలో పోట్లాట పెట్టిందని నవ్వుకున్నారు. రోజూ వినే గోలే కదా. పొగ కూడా కనిపించింది. ఎవరో మోళ్ళు కాలుస్తున్నారనుకున్నారు. ఆమె తన చిన్న సెల్లు తీసి, అందులో తనకి చేయడం తెలిసిన ఒకే ఒక్క నంబరు, హనుమేష్‌కి చేసింది. అతను కట్ చేశాడు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాడు.

అప్పుడు ఆమెకి పెట్టె గుర్తొచ్చింది. తనకంటే అదే గట్టిది. అది అరిస్తే బసవరాజ్‌కి పోతుంది, బసవరాజ్ చెబితే హనుమేష్ వింటాడు. ఆమె వీధి వైపు కిటికీ దగ్గరికి పోయి, అటూ ఇటూ చూసి, కర్రతో అద్దం పగలగొట్టింది. మోచేయి దాకా లోపలికి దూర్చి, తల కూడా పెట్టి, మూలన ఉన్న కన్నుకి కనపడేట్టు చెయ్యి ఊపింది. గాజు గీసుకుని రక్తం కారింది. సైరను ఎత్తుకుంది. ఆమె దాని పక్కనే కూలబడింది. ఎదురు తిరిగి ఇన్నాళ్ళూ దాన్ని తిట్టిన మనిషి, ఇప్పుడు దాని కింద కూర్చుని వీధి మొగ వైపు చూస్తోంది. అది అరుస్తోంది, ఈమె చూస్తోంది. వీధి మొగలో మనిషి నీడ కూడా పడలేదు. ఎట్లా పడుతుంది? రావద్దని అందరికీ చెయ్యి అడ్డం పెట్టి చెప్పింది ఎవరు? వెనక కట్టె చిటపటమంటోంది. తాను చచ్చినా కూడా ఇంతేనేమో, ఉగాదికి తాళంచెవుల కోసం వచ్చినప్పుడే చూస్తారేమో అనిపించింది ఆమెకి.

అక్కడ గుంటూరు చేలో బసవరాజ్ గట్టు మీద నిలబడి కూలీల చేత కాయ కోయిస్తున్నాడు. సెల్లు మోగింది. మళ్ళీ తెరేలే అనుకుంటూ తెరిచి చూశాడు. చూస్తే సుంకమ్మ. అటూ ఇటూ చూడడం, కర్ర ఎత్తడం, అద్దం పగలడం, కిటికీలో చెయ్యి పెట్టడం. పెరడు అందులో లేదు, మంట అందులో లేదు. అతనికి తల తిరిగింది. ఆ బొమ్మని వీధివాళ్ళందరి సెల్లులకీ పంపి, హనుమేష్‌కి ఫోను చేసి, సుంకమ్మ మా ఇంటికి కన్నం వేస్తోంది, పట్టుకో అన్నాడు.

మంట అంటే రాని ఊరు, దొంగ అంటే వచ్చింది. హనుమేష్ ఆటో, దాని వెనక ఇంకో రెండు ఆటోలు, వాటి వెనక పరుగెత్తేవాళ్ళు. ఆటోలో పట్టనివాళ్ళు ఆటో పైన కూర్చున్నారు. తాను దొంగని ఎప్పుడూ చూడలేదని ఒక పెళ్ళికొడుకు బాసికంతో సహా వచ్చాడని కూడా అంటారు. హనుమేష్ దూకి ఆమె జబ్బ పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఇందుకేనా మమ్మల్ని రావద్దన్నావు అని అరిచాడు.

సుంకమ్మ గొంతు అప్పటికే పోయింది. ఆమె నోట్లోంచి గుసగుస తప్ప ఏమీ రాలేదు. వంగి వినాల్సి వచ్చింది.

"పట్టుకుందువులేప్పా. ముందు ఎనకాల మంట ఉండాది, సూడు."

తలుపు తీశారు, మేడెక్కారు, ట్యాంకు నీళ్ళు వదిలారు, సిలిండరు ఊడదీసి వీధిలోకి మోసుకొచ్చారు. కట్టె అంతా పోయింది, వంటింటి కిటికీ బొగ్గయింది, గోడ పచ్చరంగు నల్లబడింది. వీధి మిగిలింది. జబ్బ పట్టుకున్న హనుమేష్ ఆమె వైపు చూడకుండా సైరను ఆపడానికి లోపలికి పోయాడు. వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, ఆమె మోచేతి రక్తం చూసి, ఎవరో తువ్వాలు కట్టి, ఒక్కొక్కరే పోయారు. ఆ సాయంత్రం సుంకమ్మ ఇళ్ళలో దీపాలు పెట్టింది గానీ ఎవరితోనూ మాట్లాడలేదు. గొంతు లేదు.

హనుమేష్ ఫోనులో చెప్పగా విని, బసవరాజ్ జరిగిందంతా గుంటూరు చేల దగ్గర కూలీలు దిగిన క్యాంపులో అందరికీ చెప్పాడు. అయితే నోటితో చెప్పిన మాట ఒకసారి విని వదిలేస్తారు, సెల్లులో ఉన్న బొమ్మని మళ్ళీ మళ్ళీ చూస్తారు. ఉగాదికి లారీ దిగినప్పుడు అందరూ సుంకమ్మ గడపకి వచ్చారు, కూర్చున్నారు, ఇంత పని చేసినావా అక్కా అని చెయ్యి తిప్పి మచ్చ చూశారు. నీళ్ళు మాత్రం గబగబా తాగారు. సాయంత్రం గిడ్డమ్మ ఇంట్లోంచి గిన్నెలు ఒకదాని పక్కన ఒకటి పెడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. సుంకమ్మ ఆ చప్పుడు అయిపోయేదాకా వాకిట్లోనే కూర్చుంది. ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నట్టున్నాయి, గిడ్డమ్మ తలుపు వేసుకుంది.

శివకుమారి ఒక్కతే వచ్చి, ప్లాస్టిక్ కవరు సంగతి చెవిలో చెప్పి ఏడ్చింది. మీ ఆయనకి చెప్పొద్దులే అని సుంకమ్మే ఓదార్చింది. బసవరాజ్ అయితే తప్పయిందని ఎప్పుడూ అనలేదు. కిటికీకి కొత్త అద్దం వేయించాడు, పెరట్లో కట్టె పెట్టడం మాన్పించాడు, పెట్టెలో తన నంబరు తర్వాత సుంకమ్మ నంబరు ఎక్కించాడు. మేస్త్రీలకి అంతకంటే ఎక్కువ ఒంగే నడుము ఉండదు.

వానలు వచ్చీ రాకుండా పోయాయి, పత్తి తీశారు, మళ్ళీ జనవరి సగమైంది. లారీ వచ్చి నిలబడింది. సుంకమ్మ గడపలో కూర్చుని, ఎవరు వస్తారో, ఎవరు రారో అని చూస్తోంది. అందరూ వచ్చారు. గిడ్డమ్మ తన చీర అంచునే చింపి కట్టింది. పెట్టెల ఊసు ఎవరూ ఎత్తలేదు. చివరికి బసవరాజ్ వచ్చి, తన తువ్వాలు పీలిక కట్టిన తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆ పీలిక ముడి అతనే వేశాడు, సరిగా రాలేదు, ఆమె విప్పి మళ్ళీ వేసింది. గోడ మీద ఒక్క మేకు కూడా ఖాళీ లేదు.

ఏడాది కిందట ఆమె దేన్ని పోగొట్టుకుంటానని భయపడిందో అదంతా తిరిగి ఆమె గోడ మీదికి వచ్చి చేరింది. ఆమె దాన్ని ఒకసారి చూసి, కర్ర అందుకుని, లారీ దగ్గరికి వచ్చి బసవరాజ్ పక్కన నిలబడింది. గొంతు ఆ రోజు తర్వాత మునుపటంత లేదు, కాస్త బొంగురు.

"బసప్పా, ఈసారి నేనూ వస్తా. కాయ కొయ్యలేకుంటే ఏమి, అందరికీ వండిపెడ్తా. కూర్చొని చేసే పనే కదా."

బసవరాజ్ ముందు నవ్వాడు, ఆమె నవ్వడం లేదని చూసి ఆపేశాడు.

"నువ్వొస్తే వీధి యావరు చూస్తారక్కా? నిన్ను నమ్ముకొనే కదా మేమందరం పోతాండాము" అన్నాడు.

లారీ మీది నుంచి అందరూ అందుకున్నారు. నువ్వు లేకపోతే పోయినేడే వీధి బూడిద అని ఒకరు, పెట్టెకేం తెలుసు, మా అక్క కదా మా పెట్టె అని ఒకరు, నువ్వున్నావనే ధైర్యంతోనే అక్కడ మాకు నిద్ర పడుతుందని గిడ్డమ్మ. ఇంత పొగడ్త ఆ వీధిలో దేవుడి ఊరేగింపుకి కూడా దొరికి ఉండదు. ఇన్నేళ్ళుగా ఎవరైనా అంటారేమోనని ఆమె ఎదురుచూసిన మాటలన్నీ ఒకేసారి, ఒకే లారీ మీది నుంచి కిందికి పడ్డాయి. ఆమె పైకి చూస్తూ విన్నది. సరేలేప్పా, పదిలంగా పోయిరాండి అంది. శివకుమారి చెయ్యి ఊపింది. లారీ కదిలింది.

పొద్దు వాలుతుండగా ఆమె సెల్లు మోగింది. బసవరాజ్. వెనక లారీ రొద, ఆడవాళ్ళ నవ్వులు, ఎవరిదో బిడ్డ ఏడుపు.

"నంద్యాల దాటినాము అక్కా. ఇల్లు బాగుండాదా?"

"బాగుండాదప్పా" అంది సుంకమ్మ. "ఆడ మీకు వంట యావరు చేస్తాండారు?"

అప్పటికే అతను ఫోను పెట్టేశాడు.